మార్వెల్‌కి నంబర్ వన్ హీరోయిన్ ఎవరు? వాదనకి దిగే ముందు ఇలా తేల్చుకోండి

డీసీ కామిక్స్ పేరెత్తితే సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ వుమన్ అని ఎవరైనా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. మార్వెల్ దగ్గరికొచ్చేసరికి స్పైడర్‌మ్యాన్, ఐరన్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా, హల్క్, వుల్వరిన్ అని మగవాళ్ళ పేర్లు వరసగా వస్తాయి గానీ, ఆడవాళ్ళలో నంబర్ వన్ ఎవరంటే మాత్రం పదిమంది పది పేర్లు చెప్తారు. సినిమాలు చూసినవాళ్ళు కెప్టెన్ మార్వెల్ అనో వాండా (స్కార్లెట్ విచ్) అనో అంటారు, పాత పుస్తకాలు చదివినవాళ్ళు స్టార్మ్ అనో జీన్ గ్రే అనో అంటారు, గంటలు గడిచినా ఎవరి మాట వాళ్ళదే. ఈ గొడవలోకి దిగే ముందు మీ క్యాండిడేట్‌ని మీరే ఎలా పరీక్షించుకోవాలో చెప్తాను. నా ఓటు స్టార్మ్‌కి, అంటే మార్వెల్ ఎక్స్-మెన్ టీమ్‌లో గాలీ వానా తన మాట వినే ఆ తెల్లజుట్టు ఆవిడకి. ముందే చెప్పేస్తున్నా, తర్వాత పక్షపాతం అని తిట్టుకోకుండా. ఇదే పద్ధతిలో వెళ్ళి మీరు వేరే పేరు దగ్గర తేలినా నాకేం ఇబ్బంది లేదు.

ముందు ప్రశ్న ఏంటో తేల్చుకోండి

సగం వాదనలు ఇక్కడే పాడవుతాయి. "అందరికంటే బలమైనది ఎవరు" అన్నది వేరే ప్రశ్న. దానికి జీన్ గ్రే అనో వాండా అనో చెప్పుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. "మీకు ఎవరంటే ఇష్టం" అన్నది ఇంకో ప్రశ్న, అందులో తప్పొప్పులు ఉండవు. మనం అడిగేది, కంపెనీ మొత్తానికి ఒక ఆడ ముఖాన్ని పెట్టాలంటే, కామిక్స్ వాసన కూడా తెలియని మనిషి ఆ బొమ్మ చూసి "ఓహో, ఈవిడా" అనాలంటే, ఆ చోటు ఎవరికి దక్కాలి అని. అందులోనూ "ఎవరికి దక్కింది", "ఎవరికి దక్కాలి" రెండూ వేర్వేరు. మొదటిదానికి జవాబు కంపెనీ చెప్తుంది, రెండోదానికి పుస్తకాలు చెప్పాలి.

వసూళ్ళ లెక్క పక్కన పెట్టండి. మనవాళ్ళకి ఇది కష్టమే, ఏ హీరో పెద్ద అంటే వెంటనే కలెక్షన్లు తీసి చూపించడం మనకి అలవాటు. కానీ 2019లో కెప్టెన్ మార్వెల్ సినిమా ప్రపంచమంతా కలిపి 110 కోట్ల డాలర్లు దాటింది, అదే పాత్ర 2023లో ద మార్వెల్స్‌తో మళ్ళీ వస్తే 20 కోట్ల డాలర్ల చిల్లర దగ్గర ఆగిపోయింది. వసూళ్ళే కొలమానమైతే ఆమె నాలుగేళ్ళు ఐకాన్‌గా ఉండి తర్వాత ఉద్యోగం పోగొట్టుకుందనుకోవాలి. అలా ఉండదు కదా.

కొలబద్ద వండర్ వుమనే

ఎవరు ఔనన్నా కాదన్నా ఈ పోలిక తప్పదు, కాబట్టి ఆమె గురించి నాలుగు ముక్కలు తెలుసుకుని రండి. విలియం మౌల్టన్ మార్స్టన్ అనే సైకాలజిస్టు, హెచ్.జి. పీటర్ అనే చిత్రకారుడు కలిసి 1941 చివర్లో ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో ఆమెని తెచ్చారు. ఏ మగ హీరో పేరుకీ తోక తగిలించి పుట్టించిన పాత్ర కాదు. అమెజాన్ల ద్వీపం, తల్లి హిపాలిటా, చేతిలో పాశం, ఇవన్నీ ఆమెవే. 1942లోనే సొంత పేరుతో పుస్తకం మొదలైంది, మధ్యలో చిన్నచిన్న గ్యాపులు తప్ప ఆమె పుస్తకం లేని కాలం దాదాపు లేదు. అన్నిటికంటే ముఖ్యం, కామిక్స్ చదవనివాళ్ళు ఆమెని తమ మనిషిగా తీసుకున్నారు. 1972లో అమెరికాలో మిస్ అనే స్త్రీవాద పత్రిక మొదలైనప్పుడు అట్ట మీద వేసింది ఆమె బొమ్మే. (2016లో ఐక్యరాజ్యసమితి ఆమెని గౌరవ రాయబారిగా ప్రకటించి, ఆ డ్రెస్సులో ఉన్న కార్టూన్ బొమ్మ మాకు ప్రతినిధా అని సొంత సిబ్బందే నిరసన తెలిపాక రెండు నెలలకే ఆ ముచ్చట ముగించింది. అంత రచ్చ అవ్వాలన్నా ముందు ఐకాన్ అయ్యుండాలి.)

సో, చూడాల్సినవి: పుట్టుక సొంతదా, ఎన్నాళ్ళుగా తెగకుండా కళ్ళ ముందు ఉంది, ఆమె కథలో వేరే ఎవరినైనా పెడితే ఆ కథ నడుస్తుందా. మూడోదే అసలు పరీక్ష, దానికి తర్వాత వస్తాను.

పుట్టుక చూసి కొందరిని ముందే పక్కన పెట్టండి

ఇది కాస్త నిర్దయగా ఉంటుంది గానీ పని సులువవుతుంది. స్పైడర్ వుమన్ 1977లో, షీ-హల్క్ 1980లో వచ్చారు, ఇద్దరూ పుట్టడానికి పెద్ద కారణం పేరు హక్కులే. మనం చేయకపోతే టీవీవాళ్ళో కార్టూన్లవాళ్ళో ఆ పేరు లాక్కుపోతారన్న భయంతో మార్వెల్ హడావుడిగా పుట్టించిన పాత్రలు. తర్వాత ఇద్దరికీ మంచి కథలు దొరికాయి, ముఖ్యంగా 1989లో జాన్ బర్న్ చేతిలో షీ-హల్క్ పాఠకుడితో నేరుగా మాట్లాడుతూ చేసిన అల్లరి నాకు చాలా ఇష్టం. కానీ కంపెనీకి ముఖంగా నిలబడాల్సిన మనిషి పేరులోనే ఇంకొకరి పేరు ఉంటే వాదన మొదటి నిమిషంలోనే కుంటుతుంది.

సూ స్టార్మ్ (నేను ఓటేసిన స్టార్మ్ కాదు, ఈవిడ వేరే), అదే ఇన్విజిబుల్ వుమన్, 1961లో ఫెంటాస్టిక్ ఫోర్ మొదటి సంచిక నుంచే ఉంది. మార్వెల్ కొత్త యుగానికి ఆమే మొదటి హీరోయిన్. అయినా 1985 దాకా ఆమె పేరు ఇన్విజిబుల్ గర్ల్, అప్పటికే పెళ్ళై కొడుకు కూడా ఉన్నాడు! కుటుంబం నుంచి విడదీస్తే ఆమె కథ నిలబడదు. బ్లాక్ విడో 1964 నాటి పాత్ర, సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు, కానీ గూఢచారి అన్నాక నీడలో ఉండాలి, జెండా పట్టుకుని ముందు నడిచే పాత్ర కాదది.

ఇక క్యారల్ డాన్వర్స్. ఇక్కడ తొందరపడకండి, అవతలివాళ్ళు ఎక్కువమంది ఈ పేరే తెస్తారు. కెప్టెన్ మార్వెల్ అన్న పేరు మొదట ఫాసెట్ అనే కంపెనీది, డీసీతో కోర్టు కేసుల తర్వాత 1953లో వాళ్ళు ఆపేశారు. ఆ పేరు ఖాళీగా కనిపించేసరికి 1967లో మార్వెల్ లాగేసుకుని మార్-వెల్ అనే గ్రహాంతర వీరుడికి పెట్టింది. క్యారల్ 1968లో అతని కథలో ఒక ఎయిర్‌ఫోర్స్ అధికారిగా వచ్చింది, 1977లో మిస్ మార్వెల్ అయింది. 1982లో ఆ కెప్టెన్ మార్వెల్ పేరు మోనికా రాంబో అనే నల్లజాతి యువతికి వెళ్ళింది, ఆమె అవెంజర్స్‌కి నాయకత్వం కూడా చేసింది. క్యారల్‌కి ఆ పేరు దక్కింది 2012లో. ఇన్ని చేతులు మారిన పేరు ఇది. క్యారల్ మీద కోపం లేదు నాకు, కానీ పేరు వెనక ఈ చరిత్ర తెలియకుండా "మార్వెల్ పేరే ఆమె పేరులో ఉంది, ఇంకేం కావాలి" అనేవాళ్ళు ఎదురైతే ఇది చెప్పండి.

అసలు పరీక్ష: పవర్స్ తీసేసి చూడండి

ఇది నేను ఎక్కువగా నమ్మే పద్ధతి. అదృష్టం ఏంటంటే ఊహించుకోనక్కర్లేదు, వండర్ వుమన్, క్యారల్, స్టార్మ్ ముగ్గురికీ నిజంగానే పవర్స్ తీసేశారు.

1968లో డీసీవాళ్ళు వండర్ వుమన్ పవర్స్ తీసేసి, తెల్ల డ్రెస్సు వేయించి, చేతులతో ఫైట్లు చేసే మామూలు మనిషిని చేశారు. కాలానికి తగ్గట్టు మారుస్తున్నాం అనుకున్నారు. పాఠకులకి అతకలేదు, మిస్ పత్రిక పెట్టినవాళ్ళలో ఒకరైన గ్లోరియా స్టైనెమ్ లాంటివాళ్ళకి అస్సలు నచ్చలేదు, ఆ 1972 పత్రిక అట్ట మీద వేసింది కూడా పాత డ్రెస్సులోని ఆమెనే. 1973 మొదట్లో పవర్స్ తిరిగి ఇచ్చేశారు. అంటే ఆమె ఐకాన్ అవ్వడంలో ఆ డ్రెస్సు, ఆ పాశం, ఆ ద్వీపం సగం పని చేశాయి.

క్యారల్‌కి 1981లో జరిగింది. దానికి ముందు ఏడాది అవెంజర్స్ 200వ సంచికలో ఒకడు ఆమె మనసుని లొంగదీసుకుని గర్భవతిని చేసి తీసుకెళ్ళిపోతే, తోటి అవెంజర్స్ నవ్వుతూ సాగనంపారు. అంత ఘోరమైన కథ. అది చూసి మండిపోయిన ఎక్స్-మెన్ రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ మరుసటి ఏడాది అవెంజర్స్ 10వ వార్షిక సంచికలో ఆమెని తిరిగి తెచ్చాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన మీద నుంచి పడిపోతున్న మనిషిని స్పైడర్ వుమన్ పట్టుకుంటుంది, చూస్తే క్యారల్. రోగ్ అనే కొత్త పిల్ల ఆమె పవర్స్‌తో పాటు జ్ఞాపకాలు కూడా లాగేసుకుంది. చివర్లో క్యారల్ అవెంజర్స్‌ని ఎదురుగా నిలబెట్టి మీరు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఎలా పంపించేశారని నిలదీస్తుంది. ఆ రెండు మూడు పేజీలు క్యారల్ కథల్లోకెల్లా గొప్పవి, నా లెక్కలో. కానీ తర్వాత? మరుసటి ఏడాదే బైనరీ అని ఇంకా పెద్ద పవర్స్ ఇచ్చి అంతరిక్షంలోకి పంపేశారు, ఆమె పోగొట్టుకున్నదంతా రోగ్ పాత్ర ఎదుగుదలకి ఎరువైంది. క్యారల్ లేకుండానే ఆమె కథ నడిచింది.

స్టార్మ్ సంగతి చూడండి. 1975లో జయంట్-సైజ్ ఎక్స్-మెన్ మొదటి సంచికలో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ తెచ్చిన పాత్ర. అసలు పేరు ఒరోరో మన్రో. తల్లి కెన్యా మనిషి, తండ్రి అమెరికన్ ఫొటో జర్నలిస్టు. కైరోలో ఇంటి మీద విమానం కూలి తల్లిదండ్రులు పోతే, శిథిలాల కింద ఇరుక్కుని బతికిన పిల్ల. అందుకే ఇరుకు చోటంటే ప్రాణభయం. వీధుల్లో జేబులు కొట్టి పెరిగింది, తర్వాత కెన్యాలో వానలు కురిపిస్తుంటే జనం దేవతగా కొలిచారు. 1980లో అప్పటి నాయకుడు సైక్లాప్స్ వెళ్ళిపోతే ఎక్స్-మెన్‌కి నాయకురాలైంది. 1983లో 170వ సంచికలో సొరంగాల్లో బతికే మోర్లాక్స్ నాయకురాలు కలిస్టోతో కత్తి యుద్ధం చేస్తుంది. దేవతలా తేలుతూ తిరిగే మనిషి నేల మీదికి దిగి కత్తి పట్టి గుండెలో పొడిచేస్తుంది. మూడు సంచికల తర్వాత పొడవాటి తెల్లజుట్టు కత్తిరించి, నెత్తి మధ్యలో మాత్రం నిలబెట్టే మోహాక్ పెట్టుకుని తోలు జాకెట్‌లో వస్తుంది. అది వేషం మార్చడం కోసం చేసింది కాదు, ఆ మనిషి లోపల ఏదో విరిగిందని చూపించడానికి చేసింది.

1984లో 185వ సంచికలో ఆమె పవర్స్ పోతాయి. రోగ్‌కి గురిపెట్టిన ఆయుధం దెబ్బ ఆమెకి తగులుతుంది. తర్వాతి సంచిక, బ్యారీ విండ్సర్-స్మిత్ బొమ్మలు వేసినది, పెద్ద ఫైట్ ఏమీ లేకుండా దాదాపు మొత్తం ఒక ఇంట్లో నడుస్తుంది. ఆకాశం చేతిలో ఉన్న మనిషి, గాలి తన మాట వినని లోకంలో ఎలా నడవాలో నేర్చుకుంటూ, తనని కనిపెట్టుకుని ఉన్న ఫోర్జ్ అనే అతనికి దగ్గరవుతుంది. ఆ ఆయుధాన్ని తయారుచేసింది అతనేనని తెలిసిపోతుంది. వెళ్ళిపోతుంది.

1986 జనవరి తేదీతో వచ్చిన 201వ సంచికలో సైక్లాప్స్ తిరిగొచ్చి నాయకత్వం తనదే అంటాడు. ఇద్దరూ డేంజర్ రూమ్‌లో, అంటే ఎక్స్-మెన్ సాధన చేసే గదిలో, తలపడతారు. అతనికి కళ్ళలోంచి కొండల్ని పగలగొట్టే కిరణాలు, ఆమె దగ్గర ఏమీ లేదు. దాక్కుంటూ, ఆ గదిలో ఉన్నవాటినే వాడుకుంటూ దగ్గరికొచ్చి, చివరికి ఆ కిరణాల్ని అదుపు చేసే, అతని కళ్ళకున్న వైజర్‌నే లాగేసుకుంటుంది. కైరోలో జేబులు కొట్టిన చెయ్యి! గెలిచింది తుఫాను కాదు, ఆ పిల్ల. 1988 దాకా పవర్స్ లేకుండానే ఆ టీమ్‌ని నడిపింది. ఆ చోట ఇంకెవరినైనా పెట్టి చూడండి, కథ నడవదు. నేను చెప్పే పరీక్ష ఇదే.

ఇంకో సంగతి వాదనలో బాగా పనికొస్తుంది. క్లేర్‌మాంటే మిస్ మార్వెల్ పుస్తకంలో ఎక్కువ భాగం రాశాడు, స్టార్మ్‌నీ అతనే రాశాడు. కాక్రమే స్టార్మ్ రూపం గీశాడు, 1978లో క్యారల్‌కి ఆ నల్ల డ్రెస్సు కూడా అతనే గీశాడు. కాబట్టి "మంచి రచయిత దొరకలేదు పాపం" అన్న సాకు చెల్లదు. తేడా అల్లా, మిస్ మార్వెల్ 1979లో 23 సంచికలతో ఆగిపోయింది, స్టార్మ్‌ని మాత్రం అతను 1975 నుంచి 1991 దాకా వదల్లేదు. పదహారేళ్ళు ఒకే చేతిలో పెరిగిన పాత్ర లోతు వేరేగా ఉంటుంది.

ఎదురు ప్రశ్నలకి సిద్ధంగా ఉండండి

"సొంత పుస్తకమే లేదు కదా" అంటారు. ఇది గట్టి దెబ్బ, తప్పించుకోవద్దు. స్టార్మ్ పేరుతో 1996లో నాలుగు సంచికల చిన్న సిరీస్ వచ్చింది, నెలనెలా నడిచే పుస్తకం కోసం 2014 దాకా ఆగాల్సొచ్చింది, అది కూడా 11 సంచికలతో ముగిసింది. నలభై ఏళ్ళ పాత్రకి ఇదా మర్యాద. 2024లో నైజీరియా రచయిత మురేవా అయోడేలే, చిత్రకారుడు లూకస్ వర్నెక్ మళ్ళీ మొదలుపెట్టారు. వండర్ వుమన్ పక్కన పెడితే ఇది చాలా పలచటి లెక్క, ఒప్పేసుకోండి. ఒప్పుకున్నాక అడగండి: మరి ఆమె ఉన్న టీమ్ పుస్తకం సంగతేంటి? 1991లో వచ్చిన ఎక్స్-మెన్ మొదటి సంచిక 80 లక్షల కాపీలు దాటింది, ఒక్క సంచికగా అంత అమ్ముడైన కామిక్ లేదని గిన్నిస్ రికార్డు. అందులో ఆమె ఉంది. కంపెనీ పుస్తకం ఇవ్వకపోవడం కంపెనీ తప్పు, మనం మాట్లాడేది ఎవరికి దక్కాలి అని.

"సినిమాల్లో ఏం చేసింది" అని అడుగుతారు. 2000 నుంచి హాలీ బెర్రీ వేసిన స్టార్మ్‌కి మంచి సీన్లు తక్కువే, మన దగ్గర డబ్బింగ్‌లో చూసినవాళ్ళకి వుల్వరిన్ పక్కన నిలబడే తెల్లజుట్టు ఆవిడగానే గుర్తు. కానీ ఎక్స్-మెన్ సినిమా హక్కులు ఫాక్స్ దగ్గర ఉండిపోయాయి, డిస్నీ చేతికి వచ్చింది 2019లో. ఆలోపు మార్వెల్ స్టూడియోస్ తన దగ్గర ఉన్నవాళ్ళలోంచే ఒక పెద్ద హీరోయిన్‌ని నిలబెట్టుకోవాలి, క్యారల్‌ని నిలబెట్టింది. ఆ ఎంపికలో హక్కుల కాగితాల పాత్ర చిన్నదేం కాదు.

"ఆఫ్రికా దేవత అంటూ తెల్లవాళ్ళు రాసుకున్న పాత్ర" అన్నది మాత్రం నిజంగా ఆలోచించాల్సిన విమర్శ. మొదటి సంచికలో దుస్తులూ, ఆ పూజలు చేసే జనం, అంతా బయటివాడి ఊహలోని ఆఫ్రికాయే. 2006లో బ్లాక్ పాంథర్‌తో పెళ్ళి చేసి, 2012లో దాన్ని రద్దు చేసేయడం చూసినా, ఇద్దరు ఆఫ్రికా మూలాలవాళ్ళు కాబట్టి జత కలిపేద్దాం అన్నట్టే నాకు అనిపించింది. దీనికి ఎదురు వాదన వెతక్కండి. ఉంది అని ఒప్పుకుని, కలిస్టో నుంచి సైక్లాప్స్ దాకా వచ్చిన కథలు ఆ దేవత బొమ్మనే పగలగొట్టాయని చూపించండి.

మిగతా ఇద్దరు ముగ్గురి గురించి క్లుప్తంగా. జీన్ గ్రే 1963 నుంచి ఉంది, 1980లో డార్క్ ఫీనిక్స్‌గా ఆమె చావు ఇప్పటికీ చదివేటప్పుడు కదిలిస్తుంది, కానీ 1986లో తిరిగి తెచ్చారు, ఆ తర్వాత చావడం, లేవడం ఆమెకి ఒక డ్యూటీ అయిపోయింది. వాండా కథలన్నీ చివరికి "పవర్ అదుపు తప్పింది" దగ్గరికే వస్తాయి, 2005లో హౌస్ ఆఫ్ ఎమ్ అనే కథ అయినా, తర్వాత తెర మీదైనా. ఆడమనిషికి శక్తి ఎక్కువైతే పిచ్చెక్కుతుందన్న కథని కంపెనీ ముఖంగా పెట్టడం నాకు ససేమిరా నచ్చదు.

కమలా ఖాన్ మాత్రం నన్ను ఇరుకున పెట్టే పేరు. 2014లో జి. విల్లో విల్సన్, ఏడ్రియన్ అల్ఫోనా చేసిన మిస్ మార్వెల్, జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ అమెరికన్ ముస్లిం పిల్ల, మొదటి సంపుటికి 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మన తెలుగు ఇళ్ళలో కూడా ఆ అమ్మానాన్నల మాటలు, పార్టీకి వెళ్ళొద్దనే గొడవలు అచ్చం అలాగే వినిపిస్తాయి. కొత్త తరంలో ఇంత సూటిగా జనంలోకి వెళ్ళిన పాత్ర ఇంకోటి లేదు. అయినా మొదట్లో ఆమె క్యారల్‌లా మారాలని కోరుకుంటుంది, పేరు కూడా క్యారల్‌దే. ఇంకో ఇరవై ఏళ్ళు ఆగి అడిగితే నా జవాబు మారొచ్చు.

చివరగా, ఏం చదివించాలి

మాటలతో ఎవరూ మారరు, పుస్తకం చేతిలో పెట్టండి. వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: మార్వెల్‌వాళ్ళు ఊరికూరికే ఒకటో నంబర్ నుంచి మళ్ళీ మొదలుపెడతారు, కాబట్టి నంబర్‌తో పాటు సిరీస్ మొదలైన ఏడాది కూడా చూసుకోండి. పైన నేను చెప్పిన స్టార్మ్ కథల్లో 1975 నాటి ఆ మొదటి ప్రత్యేక సంచిక తప్ప మిగతావన్నీ 1963లో మొదలైన ఎక్స్-మెన్‌వి, తర్వాత పేరు ముందు అన్‌కానీ చేరింది. 1991లో మొదలైంది వేరే పుస్తకం. క్యారల్‌కైతే 2012లో, 2014లో రెండుసార్లు ఒకటో నంబర్ పడింది, రెండూ కెల్లీ స్యూ డికానిక్ రాసినవే.

టైమ్ లేదనేవాళ్ళకి 185, 186, 201 చాలు, ఆ వరసలోనే. 201 ముందు ఇస్తే ఆమె ఏం పోగొట్టుకుని ఆ గదిలోకి అడుగుపెట్టిందో తెలియదు, అదొక మామూలు ఫైట్ అయిపోతుంది. ఓపిక ఉన్నవాళ్ళకి 170 నుంచి మొదలుపెట్టించండి. న్యాయంగా ఉండాలంటే వాళ్ళకి అవెంజర్స్ 10వ వార్షిక సంచిక, క్యారల్ 2012 మొదటి ఆరు సంచికలు కూడా ఇవ్వండి, వాళ్ళ పక్షం సరుకు కూడా మీరే ఇచ్చినట్టుంటుంది, తర్వాత "నువ్వు చదివించినవి చూసే అలా అన్నాను" అనే అవకాశం ఉండదు.